కారు కిందికి దించుదామనుకుంటున్నారా? తిరుపతి రోడ్ల మీద లోయరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

రేణిగుంట రోడ్డులో మాది చిన్న అలైన్‌మెంట్ షెడ్డు. ఒక మిషను, కారు కింద నిలబడి పనిచేయడానికి ఒక గుంత, ఇద్దరు కుర్రాళ్లు. వారానికి ఒకరైనా వచ్చి, టైరుకూ ఫెండరుకూ మధ్య నాలుగు వేళ్లు దూర్చి చూపించి "అన్నా, ఈ సందు పోవాల" అంటారు. సందు పోవడమే కావాలంటే ఈ పేజీ మీకు అక్కర్లేదు. మలుపుల్లో కారు బాగా నిలబడాలి, స్టీరింగ్ తిప్పగానే మాట వినాలి అనుకునేవాళ్ల కోసం ఇది. నా సొంత పోలో జీటీ టీఎస్ఐని మూడుసార్లు దించాను, ఒకసారి మళ్లీ పైకెత్తాను. ఆ నాలుగు పనుల్లో చేసిన తప్పులు కూడా ఇందులో ఉన్నాయి.

కారు కిందికి దిగితే మలుపుల్లో పట్టు నిజంగా పెరుగుతుందా?

పెరుగుతుంది. మీరనుకున్నంత కాదు.

మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువులో కొంత బయటి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుందో తేల్చేవి నాలుగు: కారు బరువు, మలుపులో పక్కకు లాగే బలం, గరిమనాభి (కారు బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు) ఎత్తు, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం. స్ప్రింగు ఎంత గట్టిది అన్నది ఈ లెక్కలోకే రాదు. 1200 కిలోల కారు, గరిమనాభి నేలకు 540 మి.మీ. ఎత్తులో, చక్రాల మధ్య 1460 మి.మీ. అనుకోండి. 0.8 జీ బలం (కారు బరువులో 0.8 వంతు) పుట్టేంత గట్టి మలుపులో దాదాపు 355 కిలోలు బయటికి పోతాయి. అదే కారును 30 మి.మీ. దించితే 335 కిలోలు. తేడా ఇరవై కిలోలు, అంటే ఆరు శాతం లోపే. పాతిక కిలోల బియ్యం మూటంత కూడా లేదు.

ఆ ఇరవై కిలోలు కూడా పనికొచ్చేవే. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. అందుకే బరువు రెండు వైపులా ఎంత సమానంగా ఉంటే నాలుగు టైర్లూ కలిసి అంత ఎక్కువ పట్టు ఇస్తాయి. అయితే దించిన కారు నడిపినవాళ్లు "నేలకు అతుక్కుపోయినట్టుందన్నా" అనేది ఈ ఇరవై కిలోల వల్ల కాదు. లోయరింగ్ స్ప్రింగు పాతదానికంటే గట్టిది, దానితోపాటు మంచి షాకబ్జర్లు పడితే బాడీ ఒరగడం తగ్గుతుంది, స్టీరింగ్‌కు కారు వెంటనే స్పందిస్తుంది. ఘనత గట్టిదనానిది, పేరు మాత్రం ఎత్తుకు వచ్చింది.

పోర్షే 718 స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లకు కంపెనీయే ఇచ్చిన అడ్జస్టబుల్ సస్పెన్షన్ మామూలు ఎత్తు కంటే 10 మి.మీ. కింద ఉండేది, దాని పైన ఉన్న స్పోర్ట్ రకం 20 మి.మీ. కింద. జర్మనీలోని వైసాక్‌లో సొంత టెస్ట్ ట్రాక్ పెట్టుకున్న ఇంజనీర్లు ఇరవైతో ఆగారు. మన కుర్రాళ్లు అరవైతో మొదలుపెడతారు.

అయితే ఎంత దించమంటారు?

మామూలు హాచ్‌బ్యాక్, సెడాన్‌లకు ముందు 20 నుంచి 25 మి.మీ., వెనక 15 నుంచి 20. పుట్టుకతోనే కిందికి ఉన్న నిజమైన స్పోర్ట్స్ కారైతే పది, లేదా అసలు వద్దు.

ఈ అంకె నేను రేస్ ట్రాక్ పుస్తకాల్లోంచి తీయలేదు, స్పీడ్ బ్రేకర్లలోంచి తీశాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. అంత వెడల్పున్న దాని మీదికి 2.5 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న కారు ఎక్కితే ముందు చక్రాలూ వెనక చక్రాలూ రెండూ వంపు మీదే ఉంటాయి. లెక్క వేస్తే కారు పొట్ట కిందికి పొడుచుకొచ్చేది నాలుగున్నర సెంటీమీటర్లే. ఎంత దించిన కారైనా దాటేస్తుంది.

ఇక మన ఊళ్లలో ఎవరి ఇంటి ముందు వాళ్లు రాత్రికి రాత్రి కంకర, సిమెంటు కలిపి వేసుకున్నవి చూడండి. వెడల్పు రెండడుగులు ఉండదు. ఎత్తు మాత్రం అదే పది, ఒక్కోచోట పన్నెండు. ముందు చక్రాలు దిగిపోయాక, వెనక చక్రాలు ఎక్కక ముందు, ఆ దిమ్మ సరిగ్గా పొట్ట కింద ఉంటుంది. పూర్తి పది సెంటీమీటర్లూ మీ గ్రౌండ్ క్లియరెన్స్‌లోంచే పోవాలి. 165 మి.మీ. క్లియరెన్స్ ఉన్న కారును 30 దించితే 135. నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే సుమారు మరో 30 కుంగుతుంది, 105. బ్రేక్ వేస్తూ దిమ్మ దగ్గరికి వచ్చారంటే ముక్కు ఇంకొంచెం వంగుతుంది. అప్పుడు వచ్చే 'కర్ర్' శబ్దం ఇంజిన్ కింది ప్లాస్టిక్ కవర్‌ది అయితే అదృష్టం. ఇంజిన్ ఆయిల్ ఉండే సంప్‌దైతే రోడ్డు మీద నల్లటి గీత మిమ్మల్ని వెంబడిస్తుంది.

కారును ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రం ఎక్కిస్తే కొంత నయం. వెనకున్న ఆటో అన్న ఏమంటాడో అది వేరే సంగతి.

కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకోవాలి? నేల నుంచి ఫెండర్‌కేనా?

కాదు. చక్రం మధ్య బిందువు నుంచి నేరుగా పైకి ఫెండర్ అంచుకు. టైరు అరిగినా, గాలి తగ్గినా నేల నుంచి తీసిన కొలత మారిపోతుంది, ఇది మారదు. నాలుగు చోట్లా తీసి, ఫోన్‌లో ఫొటోతో సహా పెట్టుకోండి. పని మొదలుపెట్టేముందు ఈ నాలుగు అంకెలు రాసుకోని మెకానిక్ దగ్గర కారు వదలకండి.

ఉన్న స్ప్రింగులే ఒక చుట్టు కట్ చేయిస్తే చవగ్గా అయిపోతుంది కదా?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. చిత్తూరు నుంచి ఒకసారి తెల్ల హాచ్‌బ్యాక్ వచ్చింది. ఫిర్యాదు, "స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా టంగుమంటాందన్నా, లింక్ రాడ్ మార్చినా పోలా." జాకీ మీద ఎత్తాం. చక్రం కిందికి వేలాడగానే స్ప్రింగు పట్టుకుని తిప్పాను. చేతికి వదులైన గాజు తిరిగినట్టు గిర్రున తిరిగింది. గ్రైండర్‌తో కోసిన కొస స్ప్రింగు కూర్చునే పళ్లెంలో వేలెడు పొడవు గాడి తవ్వేసింది. అక్కడ పెయింట్ లేదు, ఇనుము కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది.

జరిగిందేమిటంటే, చుట్టు కోస్తే స్ప్రింగు పొట్టిదవుతుంది. కారు గాల్లోకి లేచినప్పుడు షాకబ్జర్ పూర్తిగా సాగుతుంది, ఈ పొట్టి స్ప్రింగు ఆ ఖాళీని నింపలేదు. వదులై పక్కకు జరుగుతుంది, కారు కిందికి పడగానే మళ్లీ టంగుమని కూర్చుంటుంది. ఒక రోజు సరిగ్గా కూర్చోదు, అప్పుడు టైరును రాసుకుంటుంది. కంపెనీ స్ప్రింగు కొస పళ్లేనికి సరిపోయేలా వంచి తయారుచేసి ఉంటుంది, కోసిన కొస పొడుచుకుంటుంది.

ఇంకో లెక్క. స్ప్రింగు గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమం. ఆరు చుట్లలో ఒకటి తీస్తే ఐదు మిగులుతాయి, స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ కుదించుకునే దూరం అంతకంటే ఎక్కువ తగ్గిపోయింది, షాకబ్జర్ మాత్రం పాత స్ప్రింగుకు సరిపోయేదే. గ్యాస్ మంట పెట్టి స్ప్రింగును కుంగదీసే వాళ్లు కూడా ఉన్నారు. వేడి తగిలిన చోట ఉక్కు పదును పోతుంది, కొన్నాళ్లకు అక్కడే కూలబడుతుంది లేదా విరుగుతుంది. కోసిన స్ప్రింగు కారుకు మేం అలైన్‌మెంట్ చెయ్యం. చేసినా నిలవదు కాబట్టి.

లోయరింగ్ స్ప్రింగులా, కాయిలోవర్లా?

రోజూ ఆఫీసుకు వెళ్లే కారైతే పేరున్న కంపెనీ లోయరింగ్ స్ప్రింగులు, వాటికి తగిన పొట్టి రకం షాకబ్జర్లు. ఎత్తు ఒకటే, మార్చుకోలేరు. అదే వాటి గుణం కూడా. ఎందుకంటే మార్చుకునే వీలుంటే ఆదివారం మధ్యాహ్నం చెయ్యి ఊరుకోదు.

కాయిలోవర్ అంటే స్ప్రింగు, షాకబ్జర్ కలిసిన సెట్టు, షాకబ్జర్ బాడీ మీద మరలు ఉంటాయి, రింగు తిప్పితే ఎత్తు మారుతుంది. స్ప్రింగుల కంటే మూడు నాలుగింతల ఖరీదు. వీటిలో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో స్ప్రింగు కింది రింగు తిప్పి ఎత్తు తగ్గిస్తారు. అలా తగ్గించిన కొద్దీ షాకబ్జర్ రాడ్ లోపలికి పోతుంది, కిందికి కదిలే దారి తగ్గిపోతుంది. రెండో రకంలో కింది బ్రాకెట్‌తో సహా మొత్తం పొడవు మారుతుంది, రాడ్ దారి అలాగే ఉంటుంది. మన గుంతలకు రెండోదే. మరొకటి, రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. పడదు. ఎత్తు పెరుగుతుంది, అంతే.

మరలకు ఏటా ఒకసారైనా తుడిచి, గ్రీజు పూసి, రింగు అటూ ఇటూ ఒక చుట్టు తిప్పి పెట్టండి. నవంబర్ వానల బురద ఆ మరల్లో ఒక్క సీజన్ ఎండిందంటే రింగు సుత్తికి కూడా కదలదు.

షాకబ్జర్లు బాగానే ఉన్నాయి. స్ప్రింగులు మాత్రం మార్చుకోవచ్చా?

20 మి.మీ. లోపు దించితే, కారు 30 వేల కిలోమీటర్లు కూడా తిరగకపోతే, నడుస్తుంది. అంతకు మించితే వద్దు. గట్టి స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు దాన్ని పట్టి ఆపాల్సింది షాకబ్జరే. దానికి ఆ బలం లేకపోతే మలుపు మధ్యలో ఒక గుంత తగలగానే కారు ఊయల ఊగుతుంది. నా మొదటి ప్రయత్నం ఇదే. ఆర్నెల్లకు రెండు ముందు షాకబ్జర్లూ నూనె కక్కాయి. అప్పుడు మిగిలిందనుకున్న డబ్బు రెండోసారి లేబర్‌కు పోయింది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి టాప్ మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపులు (షాకబ్జర్ కుదించుకున్నప్పుడు చివర్లో ఆపే మెత్తని ముక్కలు), డస్ట్ కవర్లు కూడా కొత్తవి వేయించండి.

దించాక కారు ఇంకా ఎక్కువ ఒరుగుతున్నట్టుంది. నా భ్రమా?

భ్రమ కాదు. బాగా ఎక్కువ దించిన కార్లలో ఇది జరుగుతుంది, దీన్ని అర్థం చేసుకుంటే సగం సస్పెన్షన్ అర్థమైనట్టే.

మన కార్లలో ఎక్కువ వాటికి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఒకే కాలులా నిలబడే అమరిక) ఉంటుంది. గుంతలోకి దిగి చూస్తే బాడీ నుంచి చక్రానికి వెళ్లే లోయర్ ఆర్మ్ కనిపిస్తుంది. కంపెనీ ఎత్తులో అది చక్రం వైపు కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. దించితే అడ్డంగా పడుకుంటుంది. ఇంకా దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. మలుపులో బాడీ ఒరిగేటప్పుడు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. అది ఈ ఆర్మ్ వాలును బట్టి మారుతుంది. గరిమనాభి 40 మి.మీ. దిగితే రోల్ సెంటర్ అంతకంటే చాలా ఎక్కువ దిగుతుంది. రెండిటి మధ్య దూరం పెరుగుతుంది. గడపార పొడవు పెరిగితే రాయి సులువుగా లేచినట్టే, ఆ దూరం పెరిగితే బాడీని పక్కకు తోయడం సులువవుతుంది. స్ప్రింగు గట్టిగా ఉంది కాబట్టి కొంత సర్దుకుంటుంది కానీ, దించి సంపాదించింది ఇక్కడ పోగొట్టుకుంటారు.

దాంతోపాటు ఆర్మ్ పైకి లేచిన స్థితిలో బయటి చక్రం ఇంకా లోపలికి కుదించుకుంటే నెగటివ్ కేంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండడం) పెరగాల్సింది పోయి తగ్గడం మొదలవుతుంది. సరిగ్గా పట్టు కావాల్సినప్పుడే టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ), లోయర్ ఆర్మ్ సమాంతరంగా లేకపోతే గుంతలో పడినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే అటూ ఇటూ లాగుతుంది. దీన్ని బంప్ స్టీర్ అంటారు.

పరీక్ష చాలా సులువు. కారును గుంత మీద, చక్రాల మీదే నిలబెట్టి, లోయర్ ఆర్మ్‌ను చూడండి. అడ్డంగా ఉందంటే అక్కడే ఆగాలి. పైకి లేచిందంటే కారును ఎత్తించాలి, లేదా పొడవాటి పిన్ ఉన్న బాల్ జాయింట్లు, దానికి తగిన టై రాడ్ ఎండ్లు దొరికితే వేయించాలి. నా పోలోను రెండోసారి 45 మి.మీ. దించి, మళ్లీ ఎత్తింది ఈ కారణంతోనే. ఫొటోల్లో మాత్రం అప్పుడే బాగుండేది, ఒప్పుకుంటాను.

బంప్ స్టాప్ తగులుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఐదు రూపాయల కేబుల్ టై చాలు. డస్ట్ కవర్ పైకి జరిపి, మెరిసే షాకబ్జర్ రాడ్ చుట్టూ కేబుల్ టై బిగించి, షాకబ్జర్ కింది బాడీకి ఆనేలా జరిపి పెట్టండి. జాగ్రత్త, రాడ్ మీద గీత పడకూడదు. ఇప్పుడు కారును మీరు రోజూ వెళ్లే దారిలోనే నడపండి. నేనైతే చంద్రగిరి మీదుగా భాకరాపేట దాకా వెళ్లి వస్తాను, ఆ ఒక్క రోడ్డులో అన్ని రకాల మలుపులూ ఉన్నాయి. సస్పెన్షన్ కుదించుకున్నప్పుడల్లా షాకబ్జర్ బాడీ ఆ టైని పైకి తోస్తుంది, తిరిగి సాగినప్పుడు టై అక్కడే ఉండిపోతుంది. వచ్చాక చూస్తే ఎంత దూరం వాడుకుందో గీత గీసినట్టు కనిపిస్తుంది. టై పైకెళ్లి బంప్ స్టాప్‌కు నొక్కుకుని ఉందంటే తగిలినట్టు.

పెద్ద గుంతలో ఒకసారి తగిలితే తప్పు లేదు, దాని పనే అది. మామూలు మలుపులో తగులుతుంటేనే ప్రమాదం. తగిలిన క్షణంలో ఆ మూల ఒక్కసారిగా రాయిలా గట్టిపడుతుంది. ముందు తగిలితే కారు తిరగడం మానేసి నేరుగా పోతుంది. వెనక తగిలితే తోక బయటికి విసురుతుంది. దించిన కార్లలో "బాగా పోతున్నింది, ఉన్నట్టుండి చెయ్యి జారిపోయింది" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

అలైన్‌మెంట్ తప్పనిసరా? మీరు షెడ్డు పెట్టుకున్నారు కాబట్టి చెబుతున్నారా?

షెడ్డు లేకపోయినా ఇదే చెప్పేవాణ్ణి. ఎత్తు మారగానే కేంబర్, టో (పైనుంచి చూస్తే చక్రం ముందు కొస లోపలికో బయటికో తిరిగి ఉండడం) రెండూ మారతాయి. అందరూ కేంబర్‌ను తిడతారు గానీ టైరును తినేది ఎక్కువగా టో. ఒక్కో చక్రానికి పావు డిగ్రీ టో తప్పిందనుకోండి. ఆ టైరు కిలోమీటరు దొర్లితే నాలుగు మీటర్లకు పైగా పక్కకు ఈడ్చుకుపోయినట్టు లెక్క. తిరుపతి నుంచి చిత్తూరు డెబ్బై కిలోమీటర్లు. అంటే ఒక్క ప్రయాణంలో మూడు వందల మీటర్లు టైరును తారు మీద అడ్డంగా రుద్దారు.

పైనుంచి చూస్తే టైరు కొత్తగానే కనిపిస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, వంగి, లోపలి అంచు మీద అరచెయ్యి వేసి నిమరండి. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు రంపంలా గీరుకుంటే టో పోయింది. దారాలు చేతికి తగులుతున్నాయంటే అక్కడి నుంచి కారు కదపకుండా స్టెప్నీ వేసుకోండి.

రోడ్డు కారుకు ముందు కేంబర్ మైనస్ ఒకటి నుంచి మైనస్ ఒకటిన్నర డిగ్రీల మధ్య, టో సున్నా, కుడి ఎడమల మధ్య తేడా వీలైనంత తక్కువ. చాలా కార్లలో ముందు కేంబర్ మార్చే వీలు పుట్టుకతో ఉండదు, కేంబర్ బోల్టులు లేదా టాప్ ప్లేట్లు కావాలి. పోలో లాంటి వాటికి వెనక ట్విస్ట్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), అక్కడ షిమ్‌లు (పలుచని రేకులు) పెట్టడం తప్ప దారి లేదు. కొత్త స్ప్రింగులు మొదటి ఐదారు వందల కిలోమీటర్లలో ఇంకో కొన్ని మిల్లీమీటర్లు కుంగుతాయి, కాబట్టి పని అయిన రోజు ఒకసారి, కుంగాక మరోసారి అలైన్‌మెంట్ చేయించాలి. రెండోసారికి ఎవరూ రారు.

ఒక చిన్న విషయం, చాలా షెడ్లలో తప్పు జరిగేది ఇక్కడే. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించకూడదు. కారు నేల మీద, దాని కొత్త ఎత్తులో నిలబడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, ఏడాదిలో చిరుగుతుంది. పక్కన నిలబడి, "అన్నా, కిందికి దించినాక బిగిద్దాం" అని ఒక్క మాట చెప్పండి.

కొండ మీదికి వెళ్లేటప్పుడు తేడా తెలుస్తుందా?

తిరుమల ఘాట్ రోడ్డా? అక్కడ హ్యాండ్లింగ్ పరీక్ష పెట్టుకోవాలనుకోవడమే తప్పు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో దిగుతాం, 1974లో వచ్చిన రెండో దానిలో ఎక్కుతాం. టీటీడీ నిబంధన ప్రకారం ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. సుమారు 18, 19 కిలోమీటర్ల దారులివి. లెక్క కడితే ఎక్కేటప్పుడు సగటున గంటకు 39 కి.మీ. లోపు, దిగేటప్పుడు 29 లోపు. ఆ వేగానికి కంపెనీ సస్పెన్షనే ఎక్కువ. ముందుగా వచ్చేస్తే పట్టుబడతారు కూడా.

కొండ దారిలో తేడా తెలిసేది వేరే రకంగా. నలుగురు మనుషులు, డిక్కీలో బ్యాగులు, దిగేటప్పుడు లడ్డూల సంచి. వెనక కుంగి, హెయిర్‌పిన్ మలుపులో లోపలి చక్రం తిరిగే చోట టైరు ఫెండర్ లైనర్‌ను రాసుకుంటుంది. నిండు లోడుతో, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఇంటి దగ్గరే చూసుకుని బయలుదేరండి.

మరి ఎక్కడ నడిపి చూడాలి?

శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాసు రేస్ ట్రాక్ ఉంది, చుట్టు 3.7 కిలోమీటర్లు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మనకు మూడు గంటల లోపు దారి. సొంత కారుతో నడిపే ట్రాక్ డేలు అక్కడ జరుగుతుంటాయి. భాకరాపేట ఘాట్‌లోనో, పలమనేరు వెళ్లే దారిలో మొగిలి ఘాట్‌లోనో ఎదురుగా లారీ వస్తుందో రాదో తెలియని మలుపులో పది నెలల్లో నేర్చుకోలేనిది ట్రాక్ మీద ఒక్క పూటలో తెలుస్తుంది. ఆ రెండు ఘాట్లలో జరిగిన ప్రమాదాల వార్తలు చదవని ఇల్లు మన జిల్లాలో లేదు.

చట్టం ఒప్పుకుంటుందా?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సారం ఏమిటంటే, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. "రోడ్డు మీద స్ప్రింగులు ఎవరు చూస్తారన్నా" అంటారు. రోడ్డు మీద చూడరు. యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ చూస్తాడు. మార్పు ముందే రాతపూర్వకంగా చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో ముందే అడిగి, కాగితం మీద తీసుకోండి. నోటిమాట పనికిరాదు. వారంటీ ఉన్న కారైతే సస్పెన్షన్‌కు సంబంధించిన వారంటీ మీద ఆశ వదులుకుని మొదలుపెట్టండి.

హెడ్‌లైట్ల సంగతేంటి?

దీన్ని ఎవరూ అడగరు, నేనే చేర్చాను. వెనకకంటే ముందు 15 మి.మీ. ఎక్కువ దించితే 2.5 మీటర్ల వీల్‌బేస్ మీద కారు ముక్కు 0.6 శాతం వంగుతుంది. లైటు నేలకు 65 సెం.మీ. ఎత్తులో, ఒక శాతం కిందికి చూసేలా ఉంటే డిమ్ వెలుగు 65 మీటర్ల దాకా పడుతుంది. వంగాక 40 మీటర్లకే ఆగిపోతుంది. రాత్రి చీకటి దారిలో ఆ పాతిక మీటర్లలోనే బర్రె పడుకుని ఉంటుంది. పని మొదలుపెట్టేముందు సమతలంగా ఉన్న చోట, గోడకు పది మీటర్ల దూరంలో కారు పెట్టి వెలుగు అంచు ఎక్కడ పడుతోందో టేప్ అంటించండి. పని అయ్యాక అదే చోట పెట్టి, ఆ టేప్ కంటే లైటు ఎత్తు ఎంత తగ్గిందో అంత కిందికి సరిచేయించండి. ముందు అద్దంలో కెమెరా ఉన్న కొత్త కార్లకు ఆ కెమెరా క్యాలిబ్రేషన్ కూడా కావాలి.

స్ప్రింగుల బదులు గాలి సంచులుండే ఎయిర్ సస్పెన్షన్ వేయించుకుంటే ఎత్తు సమస్య ఉండదు కదా?

ఉండదు. బడ్జెట్ సమస్య, లీకుల సమస్య, దాన్ని బాగుచేసే మనిషి చెన్నైలోనో బెంగళూరులోనో ఉండే సమస్య ఉంటాయి.

వానాకాలంలో?

2021 నవంబర్‌లో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా నిలిచాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 25 మి.మీ. తేడాతో మునిగే కారు మునగకుండా ఉండదు. అసలు భయం ఎయిర్ ఇన్‌టేక్ ఫిల్టర్‌ను బంపర్ వెనక కిందికి మార్చినవాళ్లకు. దించడం, ఇన్‌టేక్ కిందికి పెట్టడం రెండూ చేసిన కారును అండర్ బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలోకి దింపకండి.

ఇంట్లోవాళ్లకు ఇబ్బందా?

మా అమ్మ మోకాళ్ల నొప్పులతో నా కారెక్కుతూ, "నైనా, కారెక్కుతాండానా, బావిలోకి దిగుతాండానా?" అంది. ఇరవై ఐదు మి.మీ.కే. సీటు ఎత్తు అడ్జస్ట్ చేసి, వెనక టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉంచితే కొంత ఊరట. గట్టి స్ప్రింగుల మీద ఇంకాస్త గాలి ఎక్కించి తిరిగేవాళ్లు వెన్నెముక డాక్టర్లను పోషిస్తున్నారు.

డబ్బు కొంచెమే ఉంది. ముందు ఏం చేయించాలి?

మంచి టైర్లు. గట్టిపడిపోయిన ఐదేళ్ల టైర్ల మీద ఏ స్ప్రింగూ పనిచేయదు. తర్వాత అరిగిన బుష్‌లు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు కొత్తవి. తర్వాత కొత్త షాకబ్జర్లు, కంపెనీ రకమైనా సరే. ఆపైన అలైన్‌మెంట్. ఇంతవరకు చేయించి ఒక వారం నడపండి. మా దగ్గరికి దించమని వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోయారు, "ఇంక చాలన్నా" అని. ఇంకా ఒరగడం తగ్గాలంటే లావు యాంటీ రోల్ బార్ (కుడి ఎడమ చక్రాలను కలిపి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) దొరికితే వేయించండి, ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా పోదు. ముందు చక్రాలతో నడిచే కారుకు వెనక బార్ గట్టిపడితే మలుపులో ముక్కు బయటికి పోవడం తగ్గుతుంది. స్ప్రింగులు ఈ వరుసలో చివరివి.

నచ్చకపోతే మళ్లీ పాత ఎత్తుకు తీసుకురావచ్చా?

పాత స్ప్రింగులు ఉంటేనే. విప్పిన రోజే మెకానిక్ "ఇవి ఇనుప సామాన్లకు వేసేద్దామా" అని అడుగుతాడు. వద్దనండి. నాలుగింటికీ ముందు ఎడమ, ముందు కుడి అని పెయింట్‌తో రాసి, గోనెసంచిలో కట్టి అటక మీద పడేయండి. కారు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది వాటినే.